ఎడమ చెవిన పడ్డ సుత్తి దెబ్బలు

దయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట. ప్రొద్దుటూరులో నాకో వెల్డింగ్ షాపు ఉంది. గేటు చేయించుకోవడానికి వచ్చే ఒకాయన ఉన్నాడు, కుర్చీ లాక్కుని కూర్చుంటే చాలు, ఎవరికో ఎక్కడో తెల్లచీర కనబడిందని మొదలుపెడతాడు. నేను వెంటనే గ్రైండర్ ఆన్ చేస్తాను. ఆ మోత ముందు ఏ దయ్యమూ నిలబడదు.

అలాంటి నేనే ఇప్పుడు ఒకటి చెప్పడానికి కూర్చున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఒక్క ముక్క కలపను.

ముందు నా చెవి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగిలిందంతా దండగ. నాకు ఎడమ చెవి వినపడదు. తక్కువగా వినపడటం కాదు, అసలే వినపడదు. కువైట్‌లో పదిహేనేళ్లు ఫ్యాబ్రికేషన్ యార్డులో పనిచేసి వచ్చాను, ఆ మోతకే పోయిందని నా నమ్మకం. తిరిగొచ్చాక కడపలో ఒక డాక్టరు నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, పరీక్ష చేసి, గ్రాఫు కాగితం చేతికిచ్చాడు. అందులో కుడి చెవి గీత పైపైన పోతుంది. ఎడమ చెవి గీత కాగితం అడుగున పడుకుని ఉంటుంది. "ఇది చిన్నప్పటి నుంచీ ఉన్నట్టుందే?" అని అడిగాడాయన. "కాదు సార్, కువైట్‌ది" అన్నాను. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఇంట్లో నా భార్య ఎప్పుడూ నా కుడి పక్కనే కూర్చుంటుంది. నన్ను తిట్టుకోవాలంటే మాత్రం ఎడమ పక్కకు వస్తుంది.

రెండో సంగతి చెప్పడం కష్టం. ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మాది కొండాపురం మండలంలో ఒక పల్లె. ఇప్పుడది గండికోట నీళ్ల కింద ఉంది. మేము దూదేకుల వాళ్లం. మా నాయన మాత్రం ఏనాడూ దూది ఏకలేదు. ఊరి కమ్మరి బ్రహ్మయ్య ఆచారి కొలిమిలో సమ్మెట కొట్టేవాడు. నాయనకు నడుము పట్టేశాక, పదో తరగతి తప్పి ఊరికే తిరుగుతున్న నేను ఆ సమ్మెట అందుకున్నాను. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆచారిని మామా అని పిలిచేవాణ్ణి.

కొలిమి పని చూడనివాళ్లకు ఒక్క మాట. ఎర్రగా కాలిన ఇనుమును ఆచారి ఎడమ చేతి పట్టకారుతో తెచ్చి దాగలి మీద పెడతాడు. దాగలి అంటే కింద పాతిన ఇనుప దిమ్మ. కుడి చేతిలోని చిన్న సుత్తితో, దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ తాకిస్తాడు. ఎదురుగా నిలబడ్డ నేను సమ్మెట ఎత్తి సరిగ్గా అక్కడే వేయాలి. సుత్తి, సమ్మెట. సుత్తి, సమ్మెట. నోటిమాట ఉండదు, ఉన్నా ఆ మోతలో వినపడదు. ఇక చాలు, ఆపు అనడానికి ఒకటే గుర్తు. ఆచారి ఇనుము మీద కాకుండా ఉత్త దాగలి మీద సుత్తితో రెండుసార్లు తడతాడు. టింగ్, టింగ్. అది వినపడితే ఎత్తిన సమ్మెట కూడా గాలిలోనే ఆగిపోవాలి. ఎందుకంటే ఆ మరుక్షణం ఆయన చెయ్యి దాగలి మీదికి వస్తుంది, ఇనుము నుంచి పెచ్చులుగా రాలిన పొక్కును గుడ్డతో తుడవడానికి.

ఒకరోజు దుక్కి దున్నే మడక కర్రు సాగగొడుతున్నాం. మామ రెండు తట్టాడు. నేను ఆగలేదు.

కుడి చేతి చూపుడు వేలు, నడిమి వేలు. అంతకుమించి చెప్పడం నా వల్ల కాదు.

మామ అరవలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని, నా ముఖంలోకి చూసి, "ఇంటికి పో, ఉసేనీ" అన్నాడు. సమ్మెట అక్కడే పడేసి పరుగెత్తాను. మర్నాడే ప్రొద్దుటూరులో మా మేనత్త ఇంటికి చేరాను. తర్వాత ఐటీఐ, ఆ తర్వాత కువైట్. మళ్లీ ఆ కొలిమి గడప తొక్కలేదు. 'ఇంటికి పో' అన్న ఆ మాట తిట్టా, శాపమా, అసహ్యమా, ఏదో తేల్చుకోలేక ఇరవై ఏడేళ్లు మోశాను. పోయి అడిగే ముఖం నాకు లేదు.

ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన జమ్మలమడుగు బస్టాండులో కనబడ్డాడు. బస్సు టికెట్టును మిగిలిన మూడు వేళ్లతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఇంకో బస్సు వెనక నక్కాను. ముఖం అటు తిప్పుకుని, ఆయన బస్సు కదిలిపోయేదాకా అక్కడే ఉన్నాను. అంత పిరికి పని ఇంకెవరూ చేసి ఉండరు. ఆ తర్వాత రెండేళ్లకు ఆయన పోయాడని నాకు కువైట్‌లో తెలిసింది. ఆ రోజు కూడా డ్యూటీకి పోయాను.

ఇక సైకిళ్ల దగ్గరికి వస్తాను.

జమ్మలమడుగు హైస్కూల్లో సోషల్ చెప్పే సామ్యూల్ సార్ నాకు స్నేహితుడు. ఆయన సైకిల్ ఫ్రేము విరిగితే నేను అతికించాను, అలా కలిసింది మాకు. ఆయనకొక పిచ్చి ఉంది, చిట్టెం దిబ్బల పిచ్చి. వెనకటి కాలంలో మా ప్రాంతంలో చాలా చోట్ల ఇనుపరాయిని మట్టి బట్టీల్లో కరిగించి ఇనుము తీసేవాళ్లట. ఇనుము పోగా మిగిలిన నల్లని, గాజులాంటి మడ్డినే చిట్టెం అంటారు. ఓడల్లో చౌక ఇనుము దిగాక ఆ బట్టీలన్నీ చల్లారిపోయాయి, ఈ దిబ్బలే మిగిలాయి. ఇప్పుడు వాటిని కూడా ట్రాక్టర్లతో ఎత్తి దారులకు తోలుతున్నారు. అవి పోకముందే పదిమందికీ చూపించాలని సార్ ఒక దారి గీశాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ముద్దనూరు, కొండాపురం, సింహాద్రిపురం, పులివెందుల, వేముల, ఎర్రగుంట్ల, మళ్లీ ప్రొద్దుటూరు. సైకిల్ మీద ఒక్క రోజులో తిరిగి రావాలి. దానికి ఇనుము దారి అని పేరు కూడా పెట్టాడు.

"మొదుటిసారి నువ్వు రావల్లప్పా. ఇనుము తెల్సినోనివి" అన్నాడు.

ఆ కాగితం మీద వేముల అన్న చోట నా కళ్లు ఆగిపోయాయి. మామ భార్య వీరమ్మత్త, ఊరు మునిగాక, అక్కడ చిన్న కూతురి ఇంట్లో ఉంటోందని నాకు తెలుసు. రానని చెప్పేవాణ్ణే. కానీ కాగితం మా షబానా కంట్లో పడింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, సైకిల్ అంటే ప్రాణం పెడుతుంది. "నేనూ వస్తా నాయనా" అని పట్టుకుంటే వదల్లేదు. సరే, వేములలో ఆగేది లేదు, తల వంచుకుని తొక్కితే పది నిమిషాల్లో ఊరు దాటిపోతుంది అని మనసులో లెక్క వేసుకున్నాను. ఆ దారిలో నాకు అన్నిటికన్నా కష్టమైన చోటు అదే.

ఫిబ్రవరిలో రెండో శనివారం. ఆదివారమైతే సార్‌కు చర్చి ఉంటుంది, అందుకని శనివారం. వెలుగు రాకముందే నేనూ షబానా బయలుదేరాం. జమ్మలమడుగులో సార్ ఇంట్లో ఉగ్గాని తిని, ముగ్గురం కదిలాం. నల్లరేగడి చేలల్లో శనగ పీకుతున్నారు. చల్లగా ఉంది, గాలి వెనకనుంచి తోస్తోంది.

"నాయనా, మన జిల్లాకు ఉక్కు ఫ్యాక్టరీ వస్తాదంట, తెల్సా?" అంది షబానా, నన్ను ఏడిపించడానికే.

"నేను కువైట్‌లో ఉన్నప్పటినించీ వింటాండా ఆ మాట. ఇంగ నీ మనవరాలు గూడా వినాల్సిందే లే" అన్నాను. సార్ పగలబడి నవ్వాడు.

కొండాపురం దగ్గర నీళ్లు కనబడ్డాయి. షబానా సైకిల్ ఆపి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది.

"మన ఊరు యాడుండాది నాయనా?"

నీళ్ల వైపు చూపించాను. అది చాలాసేపు అటే చూసింది. నేను వాటర్ బాటిల్ తీసి ఊరికే తాగాను.

అక్కడి నుంచి సింహాద్రిపురం వైపు కొంత దూరం పోయాక, రోడ్డు వదిలి ఒక కాలిబాటలో దిగితే చిట్టెం దిబ్బ వచ్చింది. మనిషి ఎత్తుకు పైనే ఉంది. సార్ చిన్నపిల్లాడిలా దాని చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీశాడు. ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. బరువుగా ఉంది, ఎండకు వేడెక్కి ఉంది. ఒక పక్క ఇనుము కారి గడ్డకట్టిన చారికలు అలాగే ఉన్నాయి. ఎన్ని తరాల కిందటి మనిషి చేతి పనో అది! ఆ మాట అనుకుంటేనే ఒక రకమైన గౌరవం కలిగింది. తుమ్మచెట్టు నీడలో కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాను. ఫోన్లో టైము పదకొండు నలభై.

అప్పుడు వినపడింది. చిన్న సుత్తి. కాలిన ఇనుము మీద పడే సుత్తి మోత మెత్తగా ఉంటుంది, చల్లని ఇనుము మీద అయితే గట్టిగా మోగుతుంది. ఇది కాలిన ఇనుము మీద పడేదే. పక్క ఊళ్లో ఎవరో కొలిమి వెలిగించారనుకున్నాను. బాగుందే, ఇంకా పని చేసేవాళ్లున్నారే అని సంతోషపడ్డాను కూడా.

ఎటునుంచి వస్తోందా అని తల తిప్పాను. ఎడమ పక్కనుంచి వస్తోంది. ఒక్క చెవి ఉన్నవాడికి మోత ఎటునుంచి వస్తోందో తెలియదు. ఏ మోతైనా కుడి పక్కనే ఉన్నట్టుంటుంది. ఎడమ పక్క అనేదే నాకు లేదు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అరచేత్తో కుడి చెవి గట్టిగా మూసుకున్నాను. సార్ మాటలు ఆగిపోయాయి. తుమ్మచెట్టులో గాలి ఆగిపోయింది. షబానా ఫోన్లో ఏదో పాట పెట్టుకుంది, అదీ ఆగిపోయింది. సుత్తి మాత్రం ఆగలేదు.

మూడుసార్లు మూసి తీసి చూశాను. మూడుసార్లూ అంతే.

అది భయం అని చెప్పను. మసీదులో మొదటిసారి మా నాయన పక్కన నిలబడ్డప్పుడు కలిగినదాని లాంటిది, అంతకన్నా పెద్దది. ఎందుకంటే ఆ సుత్తి వరసగా పడటం లేదు. ఒక దెబ్బ, తర్వాత ఖాళీ. మళ్లీ ఒక దెబ్బ, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీ ఎంతసేపో నా భుజాలకు తెలుసు. అది సమ్మెట పడాల్సిన చోటు. ఎవరో నా దెబ్బకు చోటు వదిలి కొడుతున్నారు. చూసుకుంటే నా రెండు చేతులూ పిడికిళ్లు బిగించి, లేని సమ్మెటను పట్టుకుని ఉన్నాయి.

"షబానా, నీకేమన్నా వినపడతాందా?" అని అడిగాను.

"ఏంది?"

"సుత్తి మోత."

అది చెవులు రిక్కించి విని, లేదని తల ఊపింది. సార్ కూడా లేదన్నాడు. నేను ఇంకేమీ చెప్పలేదు. ఎండ దెబ్బ తగిలిందంటారని.

సార్ ఇంకా నాలుగు ఫోటోలు తీసుకుని వస్తానన్నాడు. మేమిద్దరం రోడ్డెక్కాం. కొంచెం మిట్ట, ఆ తర్వాత పొడుగ్గా పల్లం, పల్లం చివర మలుపు. మలుపు దగ్గర కంపచెట్లు గుబురుగా ఉండి అవతల ఏముందో కనబడదు. నేను ముందు, షబానా నా వెనకాలే అతుక్కుని వస్తోంది. గాలి తగలకుండా ముందు సైకిల్ చాటున తొక్కడం దానికి అలవాటు. తొక్కకుండానే సైకిళ్లు జోరందుకున్నాయి. సుత్తి మోత ఇంకా నాతోనే వస్తోంది. ఒక దెబ్బ, ఖాళీ. ఒక దెబ్బ, ఖాళీ.

మలుపు దగ్గరికి వస్తున్నాం. మోత మారింది.

టింగ్, టింగ్, టింగ్.

ఉత్త దాగలి మీద.

నేను ఆలోచించలేదు. నా చేతులు వాటంతటవే రెండు బ్రేకులూ పట్టేశాయి. వెనక చక్రం పక్కకు ఈడ్చుకుపోయింది. షబానా వచ్చి నన్ను గుద్దింది. ఇద్దరం కంకర మీద పడ్డాం.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా నాయనా! ఎందుకట్ల బ్రేకేస్తివి?" అని అరిచింది. మోచెయ్యి గీసుకుపోయి రక్తం వస్తోంది, కళ్లలో నీళ్లు. నేను జవాబు చెప్పకుండా లేచి, కుంటుకుంటూ మలుపు దాకా నడిచాను.

మలుపు అవతల కరెంటు స్తంభం ఒకటి గాలికి చేని వైపు ఒరిగిపోయి ఉంది. దాని తీగ రోడ్డుకు అడ్డంగా వేలాడుతోంది. సైకిల్ మీద కూర్చున్న మనిషి మెడ ఎత్తున. ఎండ కళ్లలో పడుతోంది, ఆగి చూస్తున్న నాకే ఒక క్షణం తీగ కనబడలేదు. తెగిన ఇంకో తీగ కొస పక్కన ఎండుగడ్డిలో పడి చిటపటమంటోంది, గడ్డి చుట్టూ నల్లగా కాలి పొగ వస్తోంది. మేము పడ్డ చోటికీ దానికీ పదిహేను అడుగులుంటుందేమో.

షబానా నా వెనకే వచ్చి చూసింది. దాని చెయ్యి వచ్చి నా చొక్కా పట్టుకుంది.

ఆ తర్వాత మామూలుగా జరగాల్సినవన్నీ జరిగాయి. సార్ వచ్చాడు, అడ్డంగా నిలబడి రెండు వైపులా బండ్లు ఆపాం. చీనీకాయల తోటలోంచి ఇద్దరు రైతులు పరుగెత్తుకొచ్చి, లైన్‌మన్‌కు ఫోన్ చేసి కరెంటు ఆపించారు. వాళ్లను అడిగాను, ఈ చుట్టుపక్కల కొలిమి ఉందా అని. "కొలిమా? యా కాలంలో ఉండావప్పా, ఇప్పుడంతా ట్రాక్టర్లే గదా" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

అప్పుడు చెప్పాను. రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని, మామ వేళ్ల సంగతి, బస్టాండు సంగతి, ఇప్పుడు విన్న సంగతి, అంతా. నా కూతురు ముందు ఆ మాటలు చెప్పడం నాకు చావుతో సమానం. అది తన చున్నీ కొసతో నా మోకాలి రక్తం తుడుస్తూ విన్నది.

సామ్యూల్ సార్ చదువుకున్నవాడు, ఆయన పద్ధతిలో ఆయన ఆలోచించాడు. "ఊరు కనపడింది, చిట్టెం చేతికొచ్చింది, పాతది గుర్తుకొచ్చింది. ఆ తీగె గాలికి స్తంభానికి తగిలి మోగింటాది. నీ మనసు దాన్ని సుత్తి చేసుకుండాది" అన్నాడు.

"యా చెవికి మోగింటాది సార్?" అన్నాను.

ఆయన నా ఎడమ చెవి వైపు చూశాడు.

"ఇంకోటి. నా మనసే కొట్టింటే రెండే కొట్టల్ల. ఆపు అంటే రెండు. మా కొలిమిలో మూడు కొట్టేదే లేదు. నాకు వినపడింది మూడు."

సార్ గడ్డం గోక్కున్నాడు. నిజం చెప్పాలంటే మోత వినపడటం కన్నా ఆ మూడే నన్ను ఎక్కువ తొలిచేసింది. పులివెందుల దాకా తొక్కుతూ అదే లెక్క. మెస్సులో అన్నం ముందు కూర్చున్నా అదే.

వేముల చేరేసరికి సాయంత్రం ఐదు కావస్తోంది. ఊరి మొదట్లోనే సైకిల్ నెమ్మది చేశాను. తల వంచుకుని పోవాలని పొద్దున వేసుకున్న లెక్క గుర్తుంది. కానీ ఆపు అన్నాక కూడా ఆగకపోవడం ఒకసారి చేశాను. రెండోసారి చేయలేను. టీ అంగడి దగ్గర దిగి కమ్మరోళ్ల ఇల్లెక్కడని అడిగాను.

వీరమ్మత్త వసారాలో కూర్చుని చింతపండు కొడుతోంది. బండ మీద కాయ పెట్టి, చిన్న సుత్తితో కొట్టి గింజ తీస్తోంది. జుట్టంతా తెల్లబడింది. ఆ సుత్తిని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. పిడి నున్నగా అరిగిపోయి, ఒక పక్క వాలి ఉంటుంది.

"ఎవురప్పా?" అంది తలెత్తి.

"ఉసేనిని అత్తా. సమ్మెట కొట్టే ఉసేనిని."

సుత్తి బండ మీద పెట్టి నా ముఖంలోకి చూసింది. నేను మెట్టు కింద నిలబడే ఉన్నాను. తిడితే బాగుండును అనిపించింది.

"ఇంతకాలానికి తెల్సినాదా రా నీకు దావ?" అంది. తర్వాత షబానాను, సార్‌ను కూర్చోమంది. నేను చాప మీద ఒక వారగా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆ పక్క వద్దు, ఈ పక్కకు రా. నీకు ఆ చెవు వినపడదు గదా" అంది.

నేను అలాగే వంగి ఉండిపోయాను. "నీకెట్ల తెల్సత్తా?" అన్నాను.

"మీ మామ చెప్పినాడు."

"ఎప్పుడు?"

"వేళ్లు తెగిన పొద్దు. చేతికి కట్టు కట్టించుకోని వచ్చి, నా పక్కన కూసోని చెప్పినాడు. ఉసేనికి ఎడం చెవు వినపడదు, ఆ పక్కనించి పిలిస్తే పలకడు, నేను కనిపెట్టి శానా దినాలయింది, తెల్సి గూడా మెల్లగా తట్టినా, తప్పు నాది, అన్యాడు. మీ ఇంటికి గూడా పోయి చెప్పల్లని పోయినాడు. నువ్వు అప్పటికే ల్యా. నీకే చెప్పల్లని, మీవోళ్లకు చెప్పకనే తిరిగొచ్చినాడు."

చిన్నప్పుడు మా అమ్మ ఆ చెవిలో వెల్లుల్లి నూనె కాచి పోయడం అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరు అడిగిన మాటా గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ నేను కువైట్ అనుకుంటూ వచ్చాను.

"మరి నన్ను ఇంటికి పొమ్మన్యాడు గదత్తా?" అన్నాను.

"నీ మొగం సున్నమట్ల అయిపోయినాదంట. పడిపోతావేమోనని పొమ్మన్యాడు. అంతేరా."

నేను ఏడ్చాను. దాచుకోలేదు, దాచుకునే వయసూ కాదు. షబానా నా వీపు మీద చెయ్యి వేసింది.

అత్త సుత్తి చేతిలోకి తీసుకుని తిప్పింది. "ఆ దినం నించి మళ్ల యా పిల్లోడు సమ్మెట పట్టినా మీ మామ రెండు కొట్టేది మానేసినాడు. మూడు కొట్టేటోడు. రెండు కొడితే ఉసేనికి వినపడలేదు, ఇంగ మూడు కొడతా అనేటోడు." అని, ఖాళీ బండ మీద కొట్టి చూపించింది. మూడు.

సామ్యూల్ సార్ చేతిలోని మంచినీళ్ల గ్లాసు కింద పెట్టేశాడు. షబానా నా వైపు చూసింది. నేను కుడి చెవి మూసుకుని, "ఇంగోసారి కొట్టత్తా" అన్నాను. ఆమె చెయ్యి కదలడం కనబడింది. నాకేమీ వినపడలేదు.

పొద్దు వాలుతోందని లేచాం. గుమ్మం దగ్గర అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"జమ్మలమడుగు బస్టాండులో నిన్ను చూసినాడంట ఒకసారి. బస్సెనకాల నిలబడుకోనుంటివంట. శానాసేపు పిలిచినాడంట, నువ్వు తిరిగి సూడల్యా అన్యాడు. ఎడం పక్కనించి పిలిచినట్టుండా, వానికి వినపడలేదు పాపం అని, ఇంటికొచ్చి అదే చెప్పుకున్యాడు."

ప్రొద్దుటూరు చేరేసరికి బాగా రాత్రయింది.

వారం తర్వాత కడప పోయి మళ్లీ చెవి పరీక్ష చేయించుకున్నాను. ఎడమ చెవి గీత కాగితం అడుగునే ఉంది, అణువంత కూడా లేవలేదు. మామ మూడు కొట్టేవాడని నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటారా అని తవ్వి తవ్వి ఆలోచించాను. చెప్పినవాళ్లు లేరు. నేను ఆ ఊరివాళ్ల కంటబడకుండా తిరిగినవాణ్ణి, ఎవరు చెబుతారు? సామ్యూల్ సార్ తన ఇనుము దారి కాగితం మీద ఆ మలుపు దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి వదిలేశాడు. పక్కన ఏం రాయాలో ఆయనకూ తెలియలేదు.

ఇప్పుడు గేటాయన వచ్చి తన కథలు మొదలుపెడితే నేను గ్రైండర్ ఆన్ చేయడం లేదు. సాయంత్రం షాపు కట్టేసే ముందు, పనివాళ్లు వెళ్లిపోయాక, ఒక నిమిషం కుడి చెవి మూసుకుని కూర్చుంటాను. ఇంతవరకూ మళ్లీ ఏమీ వినపడలేదు. అయినా, వింటున్నా మామా అని ఆ పక్కకు తిరిగి చెప్పి లేస్తాను.